వంతెన మూసిన రోజు: ద్రాక్షారామ యాత్రపై సమ్మెలు, బందుల ప్రభావం

సమ్మె, బంద్, రాస్తారోకో, అల్లర్లు అన్నీ ప్రయాణాన్ని ఆపేవే. ఎంతగా ఆపుతాయన్నది మాత్రం ఆ నేల తీరును బట్టి ఉంటుంది. మెట్ట ప్రాంతంలో రోడ్డు మూస్తే పొలాల మధ్య నుంచి డొంకదారైనా దొరుకుతుంది. చుట్టూ నీళ్లున్న చోట వంతెన మీద వందమంది బైఠాయిస్తే చాలు, ఆ నేలంతా గడియ పెట్టిన ఇల్లవుతుంది. కరేబియన్ దీవులకూ గోదావరి పాయల నడుమ ఉన్న కోనసీమకూ ఇక్కడే పోలిక కుదురుతుంది. అక్కడికి విహార నౌకలు వస్తాయి, ఇక్కడికి పంచారామాలనే అయిదు శివక్షేత్రాలను చూపించే బస్సులు వస్తాయి. రెండింటిదీ గంటలు లెక్కపెట్టుకుని సాగే ప్రయాణమే.

కోనసీమకు ఒక పక్క గౌతమి, మరో పక్క వసిష్ఠ, దిగువన సముద్రం. లోపలికి రావడానికి దారులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. జాతీయ రహదారి మీద జొన్నాడ–రావులపాలెం వంతెన, అవతలి కొసన సిద్ధాంతం వంతెన, దిగువన చించినాడ వంతెన, తూర్పున యానాం–ఎదుర్లంక వంతెన, ఎగువన ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక దారి. ఇవి గాక కోటిపల్లి–ముక్తేశ్వరం, సఖినేటిపల్లి–నరసాపురం రేవుల్లో పంట్లు తిరుగుతాయి. లోకసభ స్పీకరుగా ఉండగా 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టుకున్న ఎదుర్లంక వంతెన రాకముందు యానాం వైపు కూడా పడవే దిక్కు.

నిజానికి ద్రాక్షారామం ఈ దీవి లోపల లేదు. గౌతమికి ఇవతల, తూర్పు డెల్టాలో, రామచంద్రపురానికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉంది. అయినా ఆ ఊరి యాత్ర కోనసీమ దారుల మీదే ఆధారపడింది. అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట అనే అయిదు ఆరామాల వరుసలో పాలకొల్లు వసిష్ఠకు పడమట, ద్రాక్షారామం గౌతమికి తూర్పున ఉన్నాయి. ఒక గుడి నుంచి రెండో గుడికి రావాలంటే రెండు పాయలూ దాటాలి, మధ్యలో కోనసీమను అడ్డంగా కోసుకుని రావాలి. చించినాడ వంతెన దాటి రాజోలు, అమలాపురం, ఎదుర్లంక, యానాం మీదుగా ఒక దారి. సిద్ధాంతం, రావులపాలెం, జొన్నాడ, మండపేట, రామచంద్రపురం మీదుగా ఇంకొకటి. రెండూ మూసుకుపోతే మిగిలేది తణుకు, నిడదవోలు మీదుగా కొవ్వూరు చేరి, రాజమహేంద్రవరం దగ్గర గోదావరి దాటి, అక్కడి నుంచి మళ్లీ కిందికి దిగే చుట్టుదారి.

కార్తీకమాసంలో ఆర్టీసీ నడిపే పంచారామాల ప్రత్యేక బస్సులు సాధారణంగా ఆదివారం రాత్రి బయలుదేరి సోమవారం ఒక్కరోజులో అయిదు గుళ్లూ చూపిస్తాయి. ప్రైవేటు ట్రావెల్స్ బస్సులదీ అదే లెక్క. నాలుగో మజిలీ ద్రాక్షారామానికి వచ్చేసరికే పొద్దు వాలుతుంది. భీమేశ్వరుడిని కింది అంతస్తులోనూ పై అంతస్తులోనూ చూసి, పన్నెండో శక్తిపీఠంగా పేరున్న మాణిక్యాంబను దర్శించి, గుడి మూసేలోగా సామర్లకోట చేరాలి. ఈ లెక్కలో రెండు గంటల రాస్తారోకోకు చోటు లేదు. పొద్దున్నే ఓడ దిగి సాయంత్రానికల్లా మళ్లీ ఓడెక్కాల్సిన కరేబియన్ ప్రయాణికుడి పరిస్థితీ ఇంతే. ఎక్కువ దూరం, తక్కువ వ్యవధి పెట్టుకున్న యాత్రను చిన్న ఆటంకమైనా గట్టిగానే దెబ్బతీస్తుంది.

ఆటంకాల్లో అన్నిటికన్నా దీర్ఘమైనది రవాణా ఉద్యోగుల సమ్మె. ఈ తరం చూసినవాటిలో పెద్దది 2013 నాటిది. ఆ ఏడాది జూలై 30న తెలంగాణ ఏర్పాటుకు కాంగ్రెస్ కార్యవర్గం తీర్మానం చేశాక సీమాంధ్ర జిల్లాల్లో సమైక్యాంధ్ర ఉద్యమం లేచింది. ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి ఎన్జీవోలు (నాన్ గెజిటెడ్ ప్రభుత్వోద్యోగులు), ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగారు. బస్సులు దాదాపు రెండు నెలలు డిపోల్లోనే ఉండిపోయాయి. అక్టోబరు మొదటి వారంలో విద్యుత్ ఉద్యోగులు కూడా చేరడంతో ఊళ్లు చీకటిలో మునిగాయి, కరెంటు మీద నడిచే రైళ్లు ఆగాయి. ఫైలిన్ తుపాను ముంచుకొస్తుండగా అక్టోబరు రెండో వారంలో విద్యుత్ ఉద్యోగులు, ఆర్టీసీ కార్మికులు ఒకరి తరువాత ఒకరు విధుల్లోకి వచ్చారు. శ్రావణమాసం, వినాయక చవితి, దసరా ముందు రోజులు ఈ సమ్మెలోనే గడిచిపోయాయి. ఆ సంవత్సరం కార్తీకం నవంబరు 4న మొదలైంది. అంటే ద్రాక్షారామానికి ప్రాణమైన నెల మూడు వారాల తేడాతో గట్టెక్కింది. అదే సమ్మె ఇంకో నెల సాగి ఉంటే గుడి ముందు బతికేవాళ్ల ఏడాది లెక్క తలకిందులయ్యేది. సమ్మె ఎన్ని రోజులు జరిగిందన్న లెక్క కంటే ఏ నెలలో జరిగిందన్నదే యాత్రాస్థలాలకు ముఖ్యం.

గ్వాడెలూప్ దీవికి ఆ వెసులుబాటు కూడా దొరకలేదు. ఫ్రాన్సు ఏలుబడిలోని ఈ కరేబియన్ దీవిలో పెరిగిన ధరలకు, తక్కువ జీతాలకు వ్యతిరేకంగా 2009 జనవరి 20న మొదలైన సార్వత్రిక సమ్మె 44 రోజులు నడిచి మార్చి 4న ముగిసింది. ఎలీ దొమోటా నాయకత్వంలో యాభైకి దగ్గరగా సంఘాలు ఒక్కతాటి మీదికి వచ్చి, తక్కువ జీతగాళ్లకు నెలకు 200 యూరోల పెంపు కోరాయి. పొరుగున ఉన్న మార్టినిక్‌కూ ఫిబ్రవరిలో సమ్మె పాకింది. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా కరేబియన్‌లో ఓడల రుతువు. సమ్మె సరిగ్గా దాని నడుమన పడింది. ఓడలు రేవు వదిలేసి పక్క దీవులకు మళ్లాయి, హోటళ్లు వెలవెలబోయాయి. అయినా ఆ సమ్మె వట్టి నష్టం కాదు. కూలీలు కోరిన జీతాల పెంపు ఒప్పందం రూపంలో దక్కింది. యాత్రికుడి ఇబ్బందినే చూసి సమ్మెను తూచడం అన్యాయం. ఆ నేల మీద బతికేవాడికి తన బతుకు గురించి అడిగే హక్కు ఉంది, 2013లో డిపో గేటు ముందు కూర్చున్న ఆర్టీసీ కార్మికుడికీ ఆ హక్కే ఉంది.

ఒక్కరోజు బంద్ సంగతి వేరు. ముందే ప్రకటిస్తారు కనుక యాత్రికుడు తేదీ మార్చుకుంటాడు. బంద్ పేరుతో జనాన్ని బలవంతంగా ఆపడం రాజ్యాంగవిరుద్ధమని కేరళ హైకోర్టు 1997లో చెప్పింది, సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ఆచరణలో బంద్ ఆగలేదు గాని సాయంత్రానికల్లా దారులు తెరుచుకోవడం అలవాటైంది. చెప్పకుండా వచ్చే అల్లర్లకు అలాంటి గడువు ఉండదు.

2016 జనవరి 31న తునిలో కాపు రిజర్వేషన్ల కోసం జరిగిన సభ అదుపు తప్పి రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ తగలబడింది. హౌరా–చెన్నై ప్రధాన మార్గం, జాతీయ రహదారి రెండూ ఒకేసారి ఆగాయి. విశాఖ నుంచి ద్రాక్షారామానికి వచ్చేవారికి ప్రధాన దారులు ఆ రెండే. అదే ఏడాది నవంబరులో కాపు ఉద్యమ నాయకుడు ముద్రగడ పద్మనాభం రావులపాలెం నుంచి అంతర్వేదికి పాదయాత్ర తలపెట్టారు. పోలీసులు ఆయన్ని కిర్లంపూడిలో ఇంటివద్దే నిర్బంధించి, కోనసీమలో బలగాలను మోహరించారు. అది కార్తీకమాసం. పాదయాత్ర ఆగినా చెక్‌పోస్టులు ఆగలేదు. ఇలాంటి సమయంలో ఆందోళన కంటే దాన్ని ఆపడానికి పెట్టిన ఆంక్షలే ప్రయాణికుడికి ఎక్కువగా తగులుతాయి. 2020 సెప్టెంబరులో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం దగ్ధమైనప్పుడూ అదే కనిపించింది. నిరసనలకు రాష్ట్రం నలుమూలల నుంచి జనం బయలుదేరడం, పోలీసులు దారుల్లోనే ఆపడం కొన్నాళ్లు సాగింది. అంతర్వేది డెల్టా చిట్టచివరి ఊరు, సఖినేటిపల్లి దారి మూస్తే అక్కడికి చేరడం కష్టం. 2021 ఫిబ్రవరిలో కొత్త రథం తయారయ్యాక గాని ఆ మాట జనం నోట మరుగున పడలేదు.

వీటన్నిటికంటే లోతుగా తగిలింది 2022 మే 24. జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు చేర్చాలన్న డిమాండ్ మీద మే 18న ప్రభుత్వం ప్రాథమిక ప్రకటన ఇచ్చి, అభ్యంతరాలకు 30 రోజుల గడువు పెట్టింది. గడువు ముగియకముందే, మే 24న, పేరు మార్పును వ్యతిరేకిస్తూ అమలాపురంలో జరిగిన ప్రదర్శన విధ్వంసమైంది. మంత్రి పినిపే విశ్వరూప్ ఇల్లు, ఎమ్మెల్యే పొన్నాడ సతీష్ కుమార్ ఇల్లు, బస్సులు తగులబడ్డాయి. పోలీసులు గాయపడ్డారు. 144 సెక్షన్ వచ్చింది, మొబైల్ ఇంటర్నెట్ ఆగింది. ఆగస్టులో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అన్న పేరు ఖరారైంది.

ప్రయాణం దృష్టితో చూస్తే ఆ ఘటనలో కొత్త సంగతి ఇంటర్నెట్. బస్సులు ఒకటి రెండు రోజుల్లో మళ్లీ కదలవచ్చు. దాదాపు రెండు వారాలు నెట్ లేకపోవడంతో ఇళ్ల నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ కోసం పొరుగు ఊళ్లకు పోవలసి వచ్చింది. ఇప్పటి యాత్ర ఫోన్ మీదే నడుస్తోంది. గది బుక్ చేసుకోవడం, దారి చూసుకోవడం, ఆటోకు డబ్బు కట్టడం, కొబ్బరికాయ కొనడం కూడా దాని మీదే. 2013లో బస్సు ఆగితే యాత్ర ఆగింది, 2022లో రోడ్డు తెరిచి ఉన్నా జేబులో ఫోన్ మూగబోతే ఆగింది. ఇంటర్నెట్ నిలుపుదల ఉత్తర్వులను బయటపెట్టాలని, నిరవధికంగా ఆపరాదని సుప్రీంకోర్టు 2020 జనవరిలోనే చెప్పింది. యాత్రాస్థలాలున్న జిల్లాల్లో ఆ మాటకు ఇంకా ఎక్కువ విలువ ఉంది.

ద్రాక్షారామానికి ఆ రోజుల్లో మరో చిక్కు వచ్చిపడింది. అమలాపురానికీ ద్రాక్షారామానికీ నడుమ గౌతమి ఉంది. తరతరాలుగా ద్రాక్షారామం తూర్పు గోదావరి జిల్లా ఊరుగానే లోకానికి తెలుసు. ఏప్రిల్ 4న రామచంద్రపురం ప్రాంతంతో పాటు కొత్త జిల్లాలో చేరింది. సరిగ్గా 50 రోజులకు అమలాపురం తగలబడింది. టీవీల్లో ‘కోనసీమలో ఉద్రిక్తత’ అన్న మాట వినే హైదరాబాదు కుటుంబానికి గౌతమి ఎటు పారుతుందో తెలియదు. జిల్లా పేరే చాలు, ప్రయాణం వాయిదా పడుతుంది. జమైకాలో 2010 మే నెలలో రాజధాని కింగ్‌స్టన్‌లోని ఒక పేటలో సైన్యానికి, ముఠాలకు మధ్య కాల్పులు జరిగితే, ఓడలు ఆగే ఉత్తర తీరంలో ఏ గొడవా లేకపోయినా ఆ దీవికి రావలసినవారు వెనకాడారు. గొడవ ఒక పేటది, చెడ్డపేరు దీవి మొత్తానిది. ఇలాంటి చెడ్డపేరు గొడవ చల్లారాక కూడా చాలాకాలం ఉంటుంది. దాన్ని తుడిచే పని ఏ కలెక్టరు ఉత్తర్వుకీ చేతకాదు.

ద్రాక్షారామానికి దగ్గరలోనే ఉన్న యానాంకు ఈ అనుభవం ఇంకా ముందే ఉంది. 2012 జనవరి 27న రీజెన్సీ సెరామిక్స్ కర్మాగారంలో నెలల తరబడి సాగిన కార్మిక వివాదం రక్తపాతంగా మారింది. పోలీసు చర్యలో కార్మిక నాయకుడు, ఆ తరువాతి దాడిలో కంపెనీ ఉన్నతాధికారి చనిపోయారు. కర్మాగారం, వాహనాలు దగ్ధమయ్యాయి, కర్ఫ్యూ పెట్టారు. కర్మాగారం మూతపడి వేలమంది ఉపాధి పోయింది. గోదావరి గట్టు మీద షికారుకు వచ్చేవారు కొన్నాళ్లకు తిరిగి వచ్చారు, ఆ కొలువులు మాత్రం అలా తిరిగి రాలేదు. అల్లర్ల నష్టాన్ని పర్యాటకుల సంఖ్యతో కొలిచే అలవాటు ఉన్నవారు యానాంను తప్పక గుర్తుంచుకోవాలి.

తెలుగు తీరానికి విహార నౌక, స్థానిక నిరసన రెండూ కలిసి ఎదురైన సందర్భం కూడా ఒకటుంది. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థ ఎంప్రెస్ అనే ఓడను చెన్నై నుంచి విశాఖపట్నం, పుదుచ్చేరి మీదుగా తిప్పడం మొదలుపెట్టింది. అది అంతకు ముందు ఎంప్రెస్ ఆఫ్ ద సీస్ పేరుతో కరేబియన్‌లో తిరిగిన ఓడే. విశాఖ రేవులో దానికి స్వాగతం దొరికింది. పుదుచ్చేరిలో మాత్రం ఓడలో జూదం ఉందని, సంస్కృతి చెడుతుందని పార్టీలు నిరసన తెలిపాయి. అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు, ఓడ ప్రయాణికులను దించకుండానే వెళ్లిపోయింది. మూడేళ్ల తరువాత, 2025 జూలైలో గాని ఆ ఓడ ప్రయాణికులు పుదుచ్చేరిలో కాలుపెట్టలేదు. ఇక్కడ ఓడను ఆపింది సమ్మె కాదు, స్థానికుల అంగీకారం లేకపోవడం. రేవు కట్టినంత మాత్రాన రేవు తెరిచినట్టు కాదని దీనివల్ల తేలింది.

నష్టం ఎవరి మీద పడుతుందన్న ప్రశ్నకు కరేబియన్‌లో ఒక జవాబు, కోనసీమలో ఒక జవాబు. ఓడకు దీవులన్నీ ఇంచుమించు ఒకటే. ప్యూర్టోరికోలో 2019 జూలైలో గవర్నరు రాజీనామా కోరుతూ జనం వీధుల్లోకి వస్తే, ఓడలు శాన్ హువాన్‌ను వదిలి మరో రేవు చూసుకున్నాయి. హైతీలో లబాడీ అనే తీరాన్ని రాయల్ కరేబియన్ సంస్థ కంచె వేసి సొంత విడిదిగా వాడుకుంటూ వచ్చింది. దేశంలో హింస పెరిగినప్పుడల్లా అక్కడ ఆగడం మానేస్తుంది, 2024లోనూ 2025లోనూ అదే చేసింది. ఒప్పందాల్లో రేవు మార్చే హక్కు ఓడ సంస్థ తన దగ్గరే ఉంచుకుంటుంది. ప్రయాణికుడికి మహా అయితే ఆ రేవు పన్ను వెనక్కి వస్తుంది. ఓడకూ ప్రయాణికుడికీ పెద్దగా పోయేదేమీ లేదు, రేవులో ఎదురుచూసే టాక్సీవాడికే ఆ రోజు పోతుంది.

పంచారామాల యాత్రలో గుడికి బదులు గుడి లేదు. ద్రాక్షారామం దారి మూశారు కనుక ఆ పూట అన్నవరం చూసి వద్దాం అంటే పంచారామం కాదు, నాలుగారామాలతో మొక్కు తీరదు. అందుకని యాత్రికుడు దారి మళ్లడు, వాయిదా వేసుకుంటాడు. ఇది ద్రాక్షారామానికి కొండంత అండ. గొడవ ఎంత పెద్దదైనా భక్తుడు ఏదో ఒక సోమవారం తప్పక వస్తాడు. అయితే కార్తీకంలో సోమవారాలు నాలుగో అయిదో. ఒకటి పోతే మిగతావాటి మీద రద్దీ పెరుగుతుంది, నెలే పోతే మళ్లీ ఏడాది ఆగాలి. గుడిలో నిత్యపూజ ఏ బంద్‌కీ ఆగదు కనుక దేవుడికి లోటు లేదు. లోటంతా గుడి బయట కూర్చున్నవారికి. కార్తీకం కోసం అప్పు చేసి ప్రమిదలు, ఒత్తులు, కొబ్బరికాయలు నింపుకున్న చిన్న దుకాణదారు, కడియం నుంచి తెల్లవారుజామున పూలు తెప్పించుకున్న ఆమె, రామచంద్రపురం స్టాండులో కిస్తీల మీద ఆటో కొన్నవాడు, కోటిపల్లి రేవులో పంటు మీద కూలి చేసేవాడు. రేవు పాట పాడుకున్నవాడు పంటు తిరగకపోయినా పాట సొమ్ము కట్టవలసిందే. పూలు మర్నాటికి పనికిరావు. సమ్మె చేసేవారి ఇళ్లూ, ఈ చిరువ్యాపారుల ఇళ్లూ తరచు ఒకే వీధిలో ఉంటాయి. ఈ నష్టం గురించి మాట్లాడేవారు తక్కువ, ఎందుకంటే దాన్ని ఏ శాఖా లెక్క కట్టదు.

అమెరికాలో 2024 అక్టోబరు మొదట్లో తూర్పు తీరపు రేవు కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. సరకు ఓడలను ఆపినా ప్రయాణికుల ఓడలను ఆపబోమని వారి సంఘం ముందే ప్రకటించింది. సమ్మె బలం తగ్గలేదు, జీతాల మీద ఒప్పందం కుదిరింది. యాత్రను మినహాయించి పోరాడే పద్ధతి కోనసీమకూ కొత్తేమీ కాదు. రాస్తారోకోలో అంబులెన్సుకు, పెళ్లి బస్సుకు, శవయాత్రకు దారి వదలడం ఇక్కడి మర్యాద. కార్తీక సోమవారాల్లో పంచారామాల బస్సులకు కూడా ఆ దారి వదలాలి. ఇలాంటి మినహాయింపు పోలీసు బందోబస్తుతో తెచ్చినదానికంటే ఉద్యమకారులు తమంతట తాము ప్రకటిస్తే ఎక్కువ నిలుస్తుంది. ప్రభుత్వం వైపు నుంచి జరగవలసినవి మామూలు పనులే. ఏ వంతెన మూశారో, ఏ రేవు నడుస్తోందో దేవాదాయ శాఖ, ఆర్టీసీ ఒకే గొంతుతో గంట గంటకు చెప్పాలి. పాలకొల్లు దగ్గరే యాత్రికులను ఆపి కొవ్వూరు దారికి మళ్లించాలి. అలా దారి మళ్లిన రోజున ద్రాక్షారామం, సామర్లకోట గుళ్లు రాత్రి మరికాసేపు తెరిచి ఉంచాలి.

ఇక మిగిలింది దారుల సంఖ్య. కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి బ్రిటిష్ కాలంలో వేసిన రైలుమార్గాన్ని రెండో ప్రపంచయుద్ధంలో పట్టాల కోసం పీకేశారు. అది తిరిగి 2004లో తెరుచుకుంది. కోటిపల్లి దగ్గర గౌతమి గట్టున పట్టాలు ఆగిపోతాయి. అక్కడి నుంచి అమలాపురం మీదుగా నరసాపురానికి రైలుమార్గం 2000–01లో మంజూరైంది. గౌతమి, వసిష్ఠలతో పాటు కోనసీమ నడుమ పారే వైనతేయ పాయ మీద కూడా, మొత్తం మూడు వంతెనలు కట్టాలి. అది పూర్తయితే పాలకొల్లు పక్కనున్న నరసాపురం నుంచి ద్రాక్షారామానికి కోనసీమ మీదుగా రోడ్డుతో పనిలేని దారి ఏర్పడుతుంది. 2027లో గోదావరి పుష్కరాలు. ఈలోగా ఆ మార్గం పూర్తికాకపోతే, కోటిపల్లి రేవులో మునిగి ద్రాక్షారామం వచ్చే జనానికి అప్పటికి కూడా ఉండేవి ఆ కొద్దిపాటి వంతెనలూ రేవులే.